గట్టుకో గాలి, రోడ్డుకో గాలి: రెండేళ్ల సైకిల్ అనుభవం

మట్టిదారిలో సైకిల్ తొక్కడం రోడ్డు మీద కంటే రెట్టింపు కష్టమని రెండేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడా మాట సవరించుకోవాలి, ఎందుకంటే అందులో సగం కష్టం టైర్లలో నేను కొట్టించిన గాలి వల్లే.

నాది ముందు షాక్ అబ్జార్బర్, లావు టైర్లు ఉన్న మామూలు ఎంటీబీ, అంటే కొండదారుల్లో తొక్కే రకం సైకిల్ (మౌంటెన్ బైక్). ఆదివారం పొద్దున్నే శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు తారురోడ్డు, వీలైతే శాలిహుండం దగ్గర వంశధార గట్టు మీద మట్టిదారి. రోడ్డు మీద తేలిగ్గా పోవాలని 50 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) కొట్టించేవాణ్ని. అదే గాలితో ఇసకలోకి దిగితే ముందు చక్రం జారిపోయేది, వెనకది ఉన్నచోటే తిరిగేది, రెండు కిలోమీటర్లకే ఊపిరి అందేది కాదు. వయసు మీద పడిందేమోనని దిగులు కూడా పడ్డాను.

ఒకరోజు విసుగొచ్చి వాల్వు పిన్ను గోటితో నొక్కి, టైరు బొటనవేలికి కాస్త మెత్తగా తగిలేదాకా గాలి వదిలేశాను. ఎంత తేడానో! టైరు పరుచుకుని ఇసకని పట్టుకుంది, ఎప్పుడూ దిగి తోసుకెళ్లే చోట సీటు మీంచి లేవకుండానే దాటేశాను.

ఆ సంబరంలో మరుసటి వారం ఇంకాస్త వదిలాను, అది ఎక్కువైంది. రాయి మీద టక్కుమంది, గాలి మొత్తం పోయింది, ఎండలో పంక్చర్ షాపు దాకా నడిపించుకొచ్చాను. షాపాయన ట్యూబుని తొట్టెలో ముంచితే పక్కపక్కనే రెండు చోట్ల బుడగలు. "గాలి సాల్లేదు బాబూ, రాయికీ రిమ్ముకీ మజ్జిన నలిగిపోనాది" అన్నాడు.

అప్పట్నుంచి గేజున్న చేతిపంపు సంచిలోనే ఉంటోంది. గట్టు మీద 30, రోడ్డెక్కితే మళ్లీ 50. అలాగని మట్టిదారి సుఖమని కాదు, గోతి వచ్చినప్పుడల్లా ఒక్కసారిగా బలం పెట్టాలి, మర్నాడు భుజాలూ మణికట్లూ పట్టేస్తాయి. రోడ్డు మీద టైరు కంటే ఎదురుగాలే శత్రువు, వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, సాయంత్రం సముద్రపు గాలికి ఎదురెళ్తే ఎంత తొక్కినా బండి కదలదు. నాకు ఎడమ మోకాలి నొప్పి, 78 కిలోల బరువు, అందుకే అరగంట ఆపకుండా ఒకే తీరుగా తొక్కాల్సిన రోడ్డు కంటే మధ్యలో ఆగే వీలున్న గట్టే నయమనిపిస్తోంది. తేలిక మనిషికి, మోకాళ్లు బాగున్నవాళ్లకి ఈ లెక్క తిరగబడొచ్చు. 30 నుంచి 50కి చేతిపంపుతో కొట్టడమూ చిన్న పని కాదు, టైము లేని రోజు నేనూ 38 దగ్గర వదిలేసి రెండు దార్లూ దాంతోనే కానిచ్చేస్తున్నాను.