ఇన్ రెయిన్‌బోస్: 2007 నుంచీ వింటున్న నలభై రెండు నిమిషాలు

ఇంగ్లండు రాక్ బృందం రేడియోహెడ్ ఆల్బమ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ గురించి ఎక్కడ మాట వచ్చినా ముందు దాని ధర దగ్గరే మొదలవుతుంది. 2003 నాటి ‘హెయిల్ టు ద థీఫ్’ ఆల్బమ్‌తో రికార్డు కంపెనీ ఒప్పందం తీరిపోయాక, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన ఈ ఐదుగురు తమ ఏడో ఆల్బమ్‌ను 2007 అక్టోబరు 10న సొంతంగా ఇంటర్నెట్‌లో విడుదల చేసి, ఎంత ఇవ్వాలో వినేవాళ్ళనే నిర్ణయించుకోమన్నారు. అప్పట్లో ఇంగ్లండులో చదువుకుంటున్న నేను ధర గడిలో నాలుగు పౌండ్లని రాసి కొన్నాను. ఆ వింత ముచ్చట ఏడాదిలోనే పాతబడింది. ఇన్నేళ్ళూ నన్ను ఈ పది పాటల దగ్గర కట్టిపడేసింది మాత్రం వాటి లయ. ఫిల్ సెల్వే డ్రమ్ములు, కాలిన్ గ్రీన్‌వుడ్ బాస్ గిటారు లేకపోతే ఈ ఆల్బమ్ లేదనే నమ్మకం వింటున్నకొద్దీ నాలో బలపడింది.

మొదటి పాట ‘ఫిఫ్టీన్ స్టెప్’ ఐదు లెక్కల తాళంలో నడుస్తుంది. చిన్నప్పుడు నేర్చుకున్న ఖండచాపు తాళం గుర్తొచ్చి, ‘తక తకిట’ అనుకుంటూ తొడ మీద వేసి చూస్తే పాట చక్కగా అందులో ఇమిడింది. యంత్రపు దరువుతో మొదలై, కాసేపటికి మనిషి చేతి దెబ్బలూ గిటారూ వచ్చి కలిసే ఈ పాటలో, పిల్లల కేరింత ఒకటి ఉన్నట్టుండి వినిపించి మాయమవుతుంది. అది ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక సంగీత పాఠశాల పిల్లల గొంతు. లెక్క ఐదైనా ఎక్కడా కుంటినట్టు అనిపించకపోవడం సెల్వే గొప్పతనం.

తర్వాతి ‘బాడీస్నాచర్స్’ను విల్ట్‌షైర్‌లో శిథిలావస్థలో ఉన్న ఒక పెద్ద బంగళాలో రికార్డు చేశారు. పాట మోతలోని మొరటుదనం దానికి అందమే గానీ, హెడ్‌ఫోన్లలో కాస్త గట్టిగా పెడితే చెవులకు శ్రమగానే ఉంటుంది. నేను దీన్ని ఇప్పటికీ గదిలో స్పీకర్ల మీదే వింటాను.

‘న్యూడ్’ తొంభైలలోనే పుట్టి, కచేరీల్లో వినిపిస్తూ, పదేళ్ళపాటు ఏ ఆల్బమ్‌లోనూ కుదురుకోని పాట. లాప్‌టాప్ స్పీకర్లలో విన్నంతకాలం నాకది థామ్ యార్క్ పాడిన జోలపాట మాత్రమే. మంచి హెడ్‌ఫోన్లు కొన్న రోజున కాలిన్ వాయించిన బాస్ మొదటిసారి సరిగ్గా వినబడింది. అది గొంతు వెనకాల నడవదు. తానే ముందుండి దారి చూపిస్తుంటే పైన గొంతు నిశ్చింతగా తేలుతుంది. ఆ బాస్ వినబడని పరికరంలో ఈ పాట వినవద్దని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

పరికరం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మొదట ఇచ్చిన ఎంపీత్రీ ఫైళ్ళు 160 కేబీపీఎస్ (సెకనుకు 160 కిలోబిట్లు) నాణ్యతవి, అంటే సీడీ కన్నా తక్కువ. ‘రెకనర్’ నిండా లోహపు వాయిద్యాల చప్పుడు కదా. ఆ ఫైల్లో అదంతా నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒకే మోతగా వినిపించేది. కొన్ని నెలలకు సీడీ కొని అదే పాట పెడితే గజ్జెల చప్పుడు వేరు, సింబల్ అనే లోహపు పళ్ళెం మోత వేరు అని తెలిసి, పాటను మూడుసార్లు వరసగా విన్నాను. ఆ సీడీ ప్లాస్టిక్ పెట్టె లేకుండా అట్టలోనే వచ్చింది. కావాలంటే మన దగ్గరున్న పెట్టెకు అంటించుకోవడానికి స్టిక్కర్లు ఇచ్చారు. నా స్టిక్కర్లు నేటికీ ఒలవకుండా అలాగే ఉన్నాయి.

ఒక్క పాటే వినమంటే ‘వియర్డ్ ఫిషెస్’ పెడతాను. డ్రమ్ములు వేగంగా, నిలకడగా సాగుతుంటే వాటి మీద గిటార్లు ఒకదాని వెంట ఒకటి చేరి, జరీ నేసినట్టు అల్లుకుపోతాయి. ఏ పోగు జానీ గ్రీన్‌వుడ్‌దో, ఏది ఎడ్ ఓబ్రయన్‌దో విడదీయాలని చాలా రోజులు ప్రయత్నించి మానేశాను. వేగం ఎంతున్నా గొంతులో తొందర లేదు. ‘ఆల్ ఐ నీడ్’ దీనికి పూర్తిగా వ్యతిరేకం: బరువైన సింథసైజర్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) స్వరం మీద నెమ్మదిగా నడిచి, చివర్లో పియానో, సింబల్స్ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ‘ఫౌస్ట్ ఆర్ప్’ రెండు నిమిషాల చిన్న పాట, హాయిగా ఉంటుంది. ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ మాత్రం నాకు అవసరానికి మించి సాగినట్టే ఉంటుంది. ఎన్నేళ్ళు విన్నా ఆ అభిప్రాయం మారలేదు.

చివరి పాట ‘వీడియోటేప్’ను ఏళ్ళ తరబడి తప్పుగా విన్నాను. పియానో స్వరం పడిన చోటే దెబ్బ అనుకుని కాలితో తాళం వేసేవాణ్ణి. డ్రమ్ములు వచ్చేసరికి అవి నా తాళానికి అడ్డం పడేవి. అదొక అలంకారం కాబోలు అనుకుని ఊరుకునేవాణ్ణి. అసలు సంగతి ఏమిటంటే, పియానో ప్రతిసారీ అర లెక్క ముందే వచ్చేస్తుంది, అసలు దెబ్బ దాని వెనక మౌనంలో పడుతుంది. అది తెలిశాక మరణం గురించిన ఈ పాటలో నేలే కొద్దిగా పక్కకు జరిగినట్టు ఎందుకుంటుందో అర్థమైంది. ఇప్పుడు సరైన లెక్కతోనే మొదలుపెడతాను. అయినా యార్క్ గొంతు అందుకున్న కాసేపటికి నా కాలు మళ్ళీ పియానో వెంటే వెళ్ళిపోతుంది.