ఈక్వడార్ నుంచి వచ్చిన బర్మా గుమ్మం

రాజమండ్రిలో టేకు దుంగ కొని, అక్కడే కోయించి, కోనసీమకు తెచ్చుకున్న మూడు గుమ్మాల సంగతి ఇది. అడితి పేరు రాయను. ఆ వరుసలో నేను తిరిగిన నాలుగింటిలోనూ ఒకటే మాట వినిపించింది కాబట్టి, ఒక్కరినే బజారుకెక్కించడం న్యాయం కాదు.

అంబాజీపేట దగ్గర మా పుట్టింటి పెంకుటిల్లు 1996 నవంబరు 6 నాటి తుపానుకు సగం పోయింది. మిగిలిన సగాన్ని మొన్న మేమే కూల్చాం. వీధి గుమ్మం మాత్రం ఊడదీసి దాచాను. ఎగువ అడవుల్లో కొట్టిన టేకును తెప్పలు కట్టి గోదావరిలో వదిలేవారు, రాజమండ్రి రేవులో ఒడ్డుకు లాగేవారు. తాతగారు కొన్నది ఆ కలపే. దాని కోసిన కొసన బొటనవేలు ఆనించి చూస్తే, వేలి వెడల్పులో, ఏడాదికొకటి చొప్పున, పదమూడు వలయాలు ఉన్నాయి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన దాన్ని, కనిపించిన దాన్ని ఎంచకుండా ఉండలేను.

అడితి పెద్దాయన దుంగ మీద చెయ్యి వేసి, “అసలైన బర్మా టేకండీ, పోయిన నెలలోనే దిగింది” అన్నాడు. మా తమ్ముడు విశాఖలో ఓడ సరుకుల కాగితాలు చూసే పని చేసి రిటైరయ్యాడు. బయలుదేరే ముందే వాడు చెప్పి పంపించాడు: బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని ఆపేసింది. కోసిన చెక్కయితే వేరే సంగతి గానీ, దుంగ దుంగగా రాకూడదు. అదే అడిగాను. “అయితే ఇది దొంగసరుకైనా కావాలి, మీ మాటైనా తప్పు కావాలి కదండీ?” పెద్దాయన టీ తెప్పించాడు గానీ జవాబు చెప్పలేదు.

జవాబు కొడుకు చెప్పాడు. కంప్యూటర్‌లో కంటెయినర్ కాగితాలు తీసి చూపించాడు. తోటలో పెంచిన టేకు, ఈక్వడార్. “బర్మా అంటే బేరం తెగుతుంది టీచరుగారూ. ఈక్వడార్ అంటే అదెక్కడ ఉందని అడుగుతారు” అన్నాడు. అబద్ధం చెప్పలేని కుర్రవాడు, ఆ కొట్లో ఎన్నాళ్లు ఉంటాడో! టేకు సహజంగా పెరిగే దేశాలు నాలుగే: మనది, మయన్మార్, థాయిలాండ్, లావోస్. థాయిలాండ్ 1988 వరదల్లో జనాన్ని పోగొట్టుకుని, మరుసటి ఏడే అడవి కొట్టడం నిషేధించింది. బర్మా దుంగకూ తలుపు మూసుకుంది. ఇప్పుడు మన అడితుల్లో దొర్లుతున్నది ఎక్కువగా ఘనా, ఈక్వడార్, కోస్టారికా లాంటి చోట్ల తోటల్లో పెంచినది. అందులో సిగ్గుపడవలసింది ఏముంది? ఆ పేరే చెప్పి అమ్మవచ్చు. పేరు మారాక ఘనపుటడుగు 3,400 నుంచి 2,900కు దిగింది. అంటే 500 రూపాయలు ఒట్టి బర్మా అనే మాట ఖరీదన్నమాట.

కొలత దగ్గర మాత్రం మోసం లేదు. దుంగ చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణిస్తారు. నా దుంగ చుట్టూ 48 అంగుళాలు, పొడవు 8 అడుగులు. వాళ్ల లెక్కకు సరిగ్గా 8 ఘనపుటడుగులు. వృత్తం లెక్క కడితే పది దాటుతుంది. ఆ తేడా కొనేవాడికి లాభమేనని మురిసిపోకండి, కోత మిల్లులో రంపపు పొట్టుగా, అంచు చెక్కలుగా ఇంతకు ఇంతా పోతుంది. కొసన వలయాలు ఎంచితే ఇరవై రెండు వచ్చాయి. తాతగారి గుమ్మం చెట్టు ఆ వయసుకు ఇంకా కర్రలా ఉండి ఉంటుంది. తొందరగా లావెక్కిన చెట్టుకు చేవ తక్కువ, చుట్టూ తెల్లచెక్క ఎక్కువ. చెదలు మొదట పట్టేది ఆ తెల్లదాన్నే.

ధ్రువపత్రం అడిగితే, కుర్రవాడు తమకు అమ్మినవాళ్ల ఇన్వాయిస్ మీద ఎఫ్‌ఎస్‌సీ గుర్తు చూపించాడు, కలప సరిగా సాకిన అడవిదో తోటదో అని చెప్పే గుర్తు, చెట్టూ టిక్కూ కలిసిన బొమ్మ. కానీ ఆ గుర్తు గొలుసు లాంటిది. తోట నుంచి కొట్టు దాకా చేతులు మారిన ప్రతి ఒక్కరికీ ధ్రువీకరణ ఉండాలి. ఈ అడితికి లేదు కాబట్టి నా బిల్లు దగ్గరికి వచ్చేసరికి గొలుసు తెగింది.

తమ్ముడు నాకు ఫోనులో ఇంకొకటి పంపుతుంటాడు. జపాన్‌లోని యొకొహామాలో 1986లో మొదలైన అంతర్జాతీయ ఉష్ణమండల కలప సంస్థ ఉంది. పదిహేను రోజులకొకసారి అది ఏ దేశపు కలప ఏ ధర పలుకుతోందో నివేదిక వేస్తుంది. మన దేశానికి దిగే టేకు ధరలు కూడా దేశం పేరుతో సహా అందులో ఉంటాయి. ఆ సంస్థలో కలప పండించే దేశాలకు వెయ్యి ఓట్లు, కొనే దేశాలకు వెయ్యి ఓట్లు. మనం పండించే వరుసలో కూర్చుని, దుంగలు మాత్రం ఓడల మీద తెప్పించుకుంటాం! 2000 సంవత్సరానికల్లా ఎగుమతయ్యే ఉష్ణమండల కలపంతా సరిగా సాకిన అడవుల నుంచే రావాలని ఆ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. గడువు వచ్చింది, సిలబస్ పూర్తి కాలేదు. ఆ సంస్థ చేతిలో లాఠీ లేదు, అంకెలు ఉన్నాయి. లెక్కల టీచరుగా నాకు అంకెల మీదే నమ్మకం. యొకొహామాలో దేశం పేరుతో అచ్చయ్యే ధర, రాజమండ్రి చేరేసరికి అన్నీ కలిసి బర్మా అయిపోవడమే నా ఫిర్యాదు.

కోత బాగానే ఉంది, ఒక్కటి తప్ప. వీధి గుమ్మం నిలువు చెక్కల్లో ఒకదానికి రెండు అంగుళాల తెల్లచెక్క వదిలేశారు, అదీ గోడలోకి వెళ్లే వైపు. ఇంటికి వచ్చాక మా మేస్త్రి చిత్రిక పట్టి, “ఇది పెడితే నాకు చెడ్డపేరండీ అమ్మగారూ” అని పక్కన పెట్టేశాడు. ముహూర్తం ఆరు రోజుల్లో ఉంది. ఫోను చేస్తే మర్నాడే మార్చి ఇచ్చారు, గొణగలేదు. ఆటో బాడుగ 1,800 మాత్రం నాదే. చిత్రిక కింద లేచిన పొట్టు తాతగారి గుమ్మంలాగే తోలు వాసన వేసింది, అది నేను ఊహించలేదు.

మొత్తానికి వెళ్లవచ్చు. బిల్లు మీద దేశం పేరు రాయమనండి, అడిగితే రాస్తారు. నాది “ఈక్వడార్ తోట టేకు” అని నీలిసిరాతో రాసి ఉంది. ఉదయం పదకొండు లోపు, కొడుకు బల్ల దగ్గర ఉన్నప్పుడు వెళ్లండి. ఆ తర్వాత పెద్దాయన వస్తాడు, ఇక అన్నీ బర్మావే.