గానుగ సున్నం, రెండడుగుల గోడ: మా మిద్దె మరమ్మతు

రాయలసీమలోని డోన్ దగ్గర పల్లెలో తాతగారు కట్టించిన చవుడు మిద్దెకు (కప్పు మీద చవుడు మన్ను పరిచిన ఇంటికి) నిరుడు మరమ్మతు చేయించాము. సున్నపు పనికి వచ్చిన మేస్త్రి, ఆయన వెంట ఉన్న ఐదుగురి పనితనం గురించి రాస్తున్నాను. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేయిద్దామనుకుంటున్నవారు ముందు ఇది చదవాలని నా కోరిక.

గోడలు బండరాయి, మట్టి అడుసుతో కట్టినవి. రెండడుగుల మందం. ఆరేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు వాటిమీద సిమెంటు పూయించాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడల అడుగుభాగం ఉబ్బి పెచ్చులు రాలింది. మట్టిగోడ పీల్చుకున్న చెమ్మ బయటికి పోవాలి. సిమెంటు ఆ దారి మూసేసింది. ఈ మేస్త్రి వచ్చీరాగానే గోడంతా వేలి కణుపుతో తట్టి, బోలుగా మోగిన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు. పాత పూత గీకించి, మూడు వారాలు నానిన సున్నాన్ని ఇసుకతో గానుగ పట్టించి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూయించాడు. మేము ఎంత తొందరపెట్టినా పూతకూ పూతకూ మధ్య ఆరే గడువు తగ్గించలేదు. ఆ ఓపికకు దండం పెట్టాలి.

ఈ మే నెలలో ఒక మధ్యాహ్నం మూడింటికి వసారా నీడలో 42 డిగ్రీలు, నడింట్లో 33. హైదరాబాదులో మా ఫ్లాటు పడమటి గోడ తొమ్మిదంగుళాలు. ఎండ వేడి దాన్ని దాటడానికి ఆరేడు గంటలు పడుతుంది, అంటే సరిగ్గా పక్కలు వేసుకునే వేళకు లోపలికి వస్తుంది. ఇక్కడ అర్ధరాత్రి దాటితే గానీ రాదు, వచ్చినా బాగా పలచబడి వస్తుంది.

అయితే ఇందులో అమ్మ పని సగం ఉంది. పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూస్తుంది, చీకటి పడగానే కప్పులో ఉన్న గవాక్షంతో సహా అన్నీ తెరుస్తుంది. పెళ్లికని నాలుగు రోజులు ఇల్లు మూసి వెళ్లి వస్తే నడింట్లో 35 చూపించింది. గోడ చల్లదనాన్ని పుట్టించదు. రాత్రి గాలికి తన వేడి ఇచ్చేసుకుంటేనే మర్నాటి ఎండకు దానిలో చోటు ఉంటుంది. అందుకే రాత్రుళ్లు కూడా ఉక్కపోసే సముద్రతీరపు ఊళ్లలో ఇంత మేలు ఆశించవద్దు.

మిద్దె పైన గడ్డి పీకించి, కొత్త చవుడు పరిచి దిమ్మిసతో కొట్టించారు. చవుడు తడిస్తే మెత్తబడి మూసుకుపోతుంది, నీటిని కిందికి వదలదు. కానీ ఈశాన్యం మూల సరిగా కొట్టలేదు, తొలి వానకే వంటింట్లో కారింది. ఫోను చేసిన రెండో రోజు మేస్త్రి స్వయంగా వచ్చి బాగుచేశాడు, డబ్బు తీసుకోలేదు. కరెంటు పైపులకు రాతిగోడ తొలవడానికి ఒప్పుకోలేదు. అవి పైపైనే వెళ్తున్నాయి, చూడటానికి బాగాలేదు. నలభై రోజులని చెప్పిన పని డెబ్బై రోజులు సాగింది. మొత్తం 2 లక్షల 40 వేలు అయింది, అందులో ఎక్కువ కూలికే.

గోడ మందం వల్ల లోపల ఫోను సిగ్నలు అందదు, మధ్యాహ్నం కూడా దీపం వేయాలి. అమ్మకు ఆ రెండింటితో ఇబ్బంది లేదు. పని చేయించదలచినవారు సంక్రాంతికి ముందే మేస్త్రితో మాట్లాడుకోండి. వానలు మొదలయ్యాక ఆయన సున్నం ముట్టడు.