పాత మారుతి 800 స్పీడోమీటర్: మార్చకుండా బాగుచేయించి, ఏళ్ల తరబడి వాడాక

మా మారుతి 800లో స్పీడోమీటర్ ఒక్కసారిగా పోలేదు. మొదట ముప్పై, నలభై దగ్గర ముల్లు వణికేది. తర్వాత మీటర్ బోర్డు వెనక నుంచి కీచుమని చప్పుడు మొదలైంది, పొద్దున బండి తీసినప్పుడు మరీ ఎక్కువగా. చివరికి గుత్తికి పోయి వచ్చేటప్పుడు ముల్లు సున్నా మీద పడి లేవలేదు. కిలోమీటర్ల అంకెలూ ఆగిపోయాయి.

ఆ రెండూ కలిసి ఆగాయా, ఒక్కటే ఆగిందా అన్నది ముందు చూసుకోండి. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రమే ఆగితే జబ్బు మీటర్‌లో ఉన్నట్టు. రెండూ ఆగితే చాలావరకు గేర్‌బాక్స్ నుంచి మీటర్ దాకా తిరుగుడును చేర్చే కేబుల్‌లో గానీ, గేర్‌బాక్స్ దగ్గర కేబుల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రంలో గానీ ఉంటుంది. అనంతపురంలో నేను అడిగిన ఒక షాపులో ఇదేమీ చూడకుండానే మీటర్ బోర్డు మొత్తం మార్చాలన్నారు. తాడిపత్రి బస్టాండ్ వైపు పాత బండ్లు చూసే మెకానిక్ మాత్రం, "మీటర్ జోలికి పోవద్దన్నా, ముందు కేబుల్ తీసి చూద్దాం" అన్నాడు.

కేబుల్ తొడుగు లోపల తిరిగే తీగను బయటికి లాగితే విషయం కళ్లకు కట్టింది. చతురస్రంగా ఉండాల్సిన కొస అరిగి గుండ్రంగా తయారైంది. గ్రీజు ఎండి, దుమ్ము కలిసి, నల్లటి తారులా తీగను పట్టుకుంది. మన ఎండలకు, మన దుమ్ముకు ఇన్నేళ్లు తిరిగిన తీగ అది, అరగక ఏం చేస్తుంది! మీటర్ వైపు చిన్న తీగముక్క పెట్టి వేళ్లతో తిప్పితే ముల్లు కదిలింది. అంటే మీటర్ బతికే ఉంది.

మొదట వేసిన చవక కేబుల్ నిలవలేదు. లోపలి తీగ కాస్త పొట్టిగా ఉండి, గతుకుల్లో పట్టు వదిలేసేది. దాన్ని తీసేసి కంపెనీ కేబుల్ వేయించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు. కొనేటప్పుడు పాతదాని పక్కన పెట్టి పొడవు, రెండు కొసలూ సరిచూసుకోండి. బిగించేటప్పుడు కేబుల్ ఎక్కడా మడత పడకూడదు, మడత ఉంటే ముల్లు మళ్లీ వణుకుతుంది. గ్రీజు కూడా పలచగా రాయాలి, మీటర్ వైపు చివర కొద్దిగా పొడిగానే వదిలేయాలి. ఎక్కువైతే తీగ తిరుగుతున్నకొద్దీ అది పైకెక్కి మీటర్ లోపలికి చేరుతుంది.

కీచు చప్పుడు మాత్రం కొత్త కేబుల్‌తోనూ పోలేదు. అప్పుడు ఆటోల మీటర్లు, బైకుల మీటర్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విప్పి చూపిస్తే ఆశ్చర్యమేసింది. కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ముల్లు బిగించిన అల్యూమినియం గిన్నె ఉంటుంది, రెండూ ఒకదానికొకటి తగలవు. తిరిగే అయస్కాంతం వల్ల గిన్నెలో పుట్టే ఎడ్డీ కరెంట్లు, అంటే లోహంలో సుడిలా తిరిగే విద్యుత్తు, దాన్ని లాగుతాయి, సన్నటి స్ప్రింగ్ వెనక్కి పట్టి ఉంచుతుంది, ఈ రెంటి మధ్య ముల్లు నిలబడుతుంది. బ్యాటరీతో పనే లేదు. అయస్కాంతం తిరిగే ఇరుసును పట్టి ఉంచే బుష్ ఎండిపోవడమే ఆ చప్పుడుకు కారణం. శుభ్రం చేసి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాడు, చప్పుడు పోయింది. ఇంతటి చక్కని పనితనాన్ని గుజిరీకి పంపడానికి మనసొప్పదు.

మీటర్ సరిగ్గా చూపుతోందో లేదో 44వ నంబర్ జాతీయ రహదారి మీద తేల్చుకున్నాం. గంటకు 60 అంటే కిలోమీటరుకు సరిగ్గా ఒక నిమిషం. ముల్లు 60 మీద కదలకుండా పట్టుకుని నేను నడుపుతుంటే, పక్కన మా అబ్బాయి ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి టైం చూశాడు. నిమిషం కంటే కొన్ని సెకన్లు ఎక్కువే పట్టింది, అంటే మీటర్ కాస్త ఎక్కువ చూపుతోంది. అది క్షేమమే. తక్కువ చూపితేనే ప్రమాదం.

బాగుచేయించే బదులు సెకండ్ హ్యాండ్ మీటర్ వేసుకోవచ్చు కదా అనిపించవచ్చు. కానీ దాంతో పాటు వేరే బండి కిలోమీటర్లు మన బండిలోకి వస్తాయి. ఇంజన్ ఆయిల్, టైమింగ్ బెల్ట్ మార్చేది ఆ అంకెలు చూసే. రేపు అమ్మేటప్పుడు కొనేవాడికీ నిజం చెప్పలేం. మీటర్ ఆగిన రోజుల్లో తిరిగిన దూరం అందాజుగా సర్వీసు పుస్తకంలో రాసి పెట్టాను.

ఫోన్‌లో జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగినవాళ్లున్నారు. ఆ కొన్నాళ్లూ ఫోన్‌తోనే నడిపాను కాబట్టి చెబుతున్నా. మే నెలలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది. బ్రేకు వేసిన కాసేపటికి గానీ అంకె దిగదు. పైగా పదిహేనేళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్‌కు పోయే బండికి మీటర్ పనిచేస్తూ ఉండాల్సిందే.

బాగుచేయించి మూడు నాలుగేళ్లు దాటింది. ఇరవై లోపు ముల్లు ఇప్పటికీ కొంచెం అదురుతుంది, ఆ పైన నిలకడగా ఉంటుంది. కేబుల్ ఏటా ఎండాకాలం ముందు తీసి తుడిపిస్తున్నాను.

టైర్ల గురించి ఒక మాట. సైజులో మొదటి అంకె టైరు వెడల్పు (మిల్లీమీటర్లలో), రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. 145/70 ఆర్12 ఉన్నచోట ఎత్తు కోసం 145/80 వేస్తే చక్రం దాదాపు 6 శాతం పెద్దదవుతుంది. మీటర్ 60 చూపేటప్పుడు బండి అంతకుముందు కంటే 3 కిలోమీటర్ల పైచిలుకు వేగంగా పోతుంటుంది. మాకు మళ్లీ టైర్లు మార్చే సమయం వచ్చింది, పాత సైజే చెప్పాను.