పార్క్‌లేన్‌లో డ్యూయల్ బూట్ సర్వీసు: అప్‌డేట్లకు నిలిచే పని

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక చిన్న సర్వీసు దుకాణంలో నా ల్యాప్‌టాప్‌కు విండోస్ 11తో పాటు ఉబుంటు 24.04 (లినక్స్ ఆధారిత ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేయించుకున్నాను; ఆన్ చేసినప్పుడు రెంటిలో కావలసినదాన్ని ఎంచుకోగలగడమే డ్యూయల్ బూట్. ఉబుంటు ఎక్కించి ఇవ్వడం ఆ భవనంలో చాలామందికి తెలిసిన పనే. నెలనెలా వచ్చే విండోస్ అప్‌డేట్లనూ, ఉబుంటు కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) అప్‌డేట్లనూ తట్టుకుని రెండు సిస్టమ్‌లూ బూట్ అవుతూనే ఉండాలన్న ముందుచూపుతో చేసేవారు అరుదు కాబట్టి ఈ సమీక్ష రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ చేతికి తీసుకోగానే టెక్నీషియన్ అన్న మొదటి మాట: "బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూపించండి సార్, అది లేకుండా నేను చెయ్యి పెట్టను." ఈ మధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం వేసే ఏర్పాటు) యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రం మొదలయ్యేలా చూసే రక్షణ) సెట్టింగులు మారితే విండోస్ 48 అంకెల కీ అడగవచ్చు, అది దొరక్కపోతే డేటా మీద ఆశ వదులుకోవలసిందే. నా మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ కీని తీయించి, నా చేతనే కాగితం మీద రాయించి, ఆరేసి అంకెల చొప్పున ఉన్న ఎనిమిది గుంపులనూ తెరతో సరిచూసిన తరువాతే ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకున్నారు.

రెండో స్లాట్ ఖాళీగా ఉందని చూసి, ఉబుంటుకు వేరే ఎస్‌ఎస్‌డీ (స్టోరేజీ డ్రైవ్) వేయించుకొమ్మన్నారు. ఇన్‌స్టాలర్ తన బూట్‌లోడర్‌ను (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను) విండోస్ వాడే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లుండే డిస్క్ భాగంలో) పెట్టకుండా, విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీని ఊడదీసి పక్కన పెట్టి మరీ ఇన్‌స్టాల్ చేశారు. అందువల్ల విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చి బూట్ క్రమంలో తనను ముందుకు తెచ్చుకున్నా, ఉబుంటు ఫైళ్లు చెక్కుచెదరవు; బయాస్‌లో (యంత్రం మొదలయ్యేటప్పటి సెట్టింగులలో) క్రమం మార్చుకుంటే సరిపోతుంది. ఉబుంటు నుంచి విండోస్ డ్రైవ్‌లో రాసినప్పుడు ఫైళ్లు పాడవకుండా షట్‌డౌన్ చేసినా విండోస్‌ను పూర్తిగా మూయకుండా ఉంచే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేశారు. రెండు సిస్టమ్‌లూ యంత్రం గడియారాన్ని వేరువేరుగా చదవడం వల్ల విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయే చిక్కునూ సరిచేశారు.

నాకు అన్నిటికంటే నచ్చింది అప్‌డేట్ల విషయంలో ఆయన పట్టుదల. 2024 ఆగస్టులో విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి, పాత బూట్‌లోడర్లను అడ్డుకునే ఎస్‌బీఏటీ నియమాన్ని కొన్ని డ్యూయల్ బూట్ యంత్రాల మీద కూడా అమలు చేయడంతో, వాటిలో లినక్స్ 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అన్న సందేశం దగ్గరే ఆగిపోయింది. 2025 మే అప్‌డేట్లతో గాని మైక్రోసాఫ్ట్ దానిని పరిష్కరించలేదు. అప్పటి నుంచి విండోస్ అప్‌డేట్లను శాశ్వతంగా ఆపివేయమని అడిగే కస్టమర్లు ఉన్నారట, ఆయన మాత్రం ఒప్పుకోరు. భద్రతా లోపాలను తెరిచి ఉంచడం కంటే, ముందు ఉబుంటులో దాని బూట్‌లోడర్ భాగాలైన షిమ్, గ్రబ్‌లను తాజాగా ఉంచుకుని ఆ తరువాత విండోస్ అప్‌డేట్ చేసుకోవడమే మేలని విడమరచి చెప్పారు. సెక్యూర్ బూట్‌ను ఆన్‌లోనే ఉంచి ఇచ్చారు.

లోపాలు లేకపోలేదు. ధరల పట్టిక ఎక్కడా లేదు. పని మొదలు కాకముందే ఎస్‌ఎస్‌డీకీ, సర్వీసుకూ విడివిడిగా ఎంతో రాయించుకోవాలి. బ్యాకప్ బాధ్యత వారు తీసుకోరు, ఇంట్లోనే తీసుకుని వెళ్లాలి. బూట్ చెడితే ఉపయోగపడే ఉబుంటు పెన్‌డ్రైవ్ మనం అడిగితేనే చేసిస్తారు, తప్పక అడగండి.