పిల్లి షుగర్‌కి మనుషుల గ్లూకోమీటర్ పనికొస్తుందా? నల్గొండలో వాడుతూ రాస్తున్న రివ్యూ

పనికొస్తుంది. మీ పిల్లికి షుగర్ అని కొత్తగా తెలిసి, చేతిలో డబ్బులు లెక్కపెట్టుకుని ఖర్చు చేయాల్సిన పరిస్థితి ఉంటే ముందు కొనాల్సింది ఇదే. ఖరీదైన డైట్ ఫుడ్డు, మాటిమాటికీ హైదరాబాద్ ప్రయాణం, ఇవన్నీ దీని తర్వాతే. నేను వాడుతున్నది డాక్టర్ మోర్‌పెన్ బీజీ-03. మెడికల్ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే మామూలు మిషన్, మనుషుల కోసం చేసిందే. మనుషులు దీన్ని ఎలా వాడాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకని నేను పిల్లి సంగతే రాస్తాను.

మా బంటి పదేళ్ల మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం, ఇంట్లోనే ఉంటాడు, బాగా లావు. పిల్లుల్లో షుగర్ ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఇలాంటి వాటిలోనే. ఎప్పుడు చూసినా నీళ్ల గిన్నె దగ్గరే ఉండటం, ఇసుక తొట్టి ఎన్నిసార్లు మార్చినా తడిసిపోవడం, ఆకలి పెరిగినా ఒళ్లు తగ్గి వెన్నెముక చేతికి తగలడం, ఆ తర్వాత వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి నడవడం మొదలైంది. ఆ నడక షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు వస్తుంది. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో మెల్లగా సర్దుకుంటుంది, మావాడికి సర్దుకుంది కూడా. దురదకో, ఆయాసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించి ఉంటే అది డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వాటివల్ల కూడా పిల్లికి షుగర్ రావచ్చు.

ఇంట్లో మిషన్ ఎందుకంటే, భయపడితే పిల్లికి షుగర్ పెరుగుతుంది. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, బుట్టలో పెట్టి బస్సులో తీసుకెళ్తే దారి పొడవునా అరుస్తూనే ఉంటుంది, అక్కడ ఆసుపత్రి వరండాలో కుక్కలు, ఆ టెన్షన్‌లో రక్తం తీస్తే షుగర్ లేని పిల్లికి కూడా 300 చూపించవచ్చు. అందుకే మంచి డాక్టరు ఆ ఒక్క రీడింగుతో తేల్చరు, ఫ్రక్టోసమీన్ పరీక్ష రాస్తారు, అది గత ఒకటి రెండు వారాల షుగర్ సగటు చెబుతుంది. రోగం ఉందా లేదా తేలడానికి అది చాలు. కానీ ఈరోజు పొద్దున ఇన్సులిన్ సూది వేయాలా వద్దా అనేది ఆ కాగితం చెప్పదు. ఇంట్లో, తను రోజూ పడుకునే చాప మీద, ఎవరి భయమూ లేకుండా ఉన్నప్పుడు వచ్చిన అంకె చెబుతుంది.

షుగర్ ఎక్కువగా ఉంటే పిల్లి దెబ్బతినడానికి రోజులు, వారాలు పడుతుంది. ఇన్సులిన్ ఎక్కువైతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. మిషన్ లేకుండా అంచనా మీద సూది వేయమని చెప్పేవాళ్లు ఉన్నారు, చాలా పిల్లులు అలా కూడా బతికాయి, కాదనను. నాకు మాత్రం ఆ ధైర్యం లేదు, ఉండకూడదని కూడా అనుకుంటాను.

గడియారం సెంటర్ దగ్గర మెడికల్ షాపులో కొంటుంటే ఆ అబ్బాయి, "అక్కా, ఇది మనుషుల షుగర్ మిషన్ గదా, పిల్లికెట్ల పనిచేస్తది?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. రక్తంలో షుగర్ ఎర్ర కణాల్లో ఎంత, ప్లాస్మాలో, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, ఎంత అనే పంపకం మనుషుల్లో ఒకలా, పిల్లుల్లో ఒకలా ఉంటుంది, మిషన్ మనుషుల లెక్కకు సెట్ చేసి ఉంటుంది, కాబట్టి పిల్లి రక్తానికి అసలున్న దానికన్నా కాస్త తక్కువ అంకె చూపిస్తుంది. ఇది తెలిసి వాడితే ఇబ్బంది లేదు. తక్కువ చూపిస్తే మనం జాగ్రత్త వైపే ఉంటాం. కావాల్సిందల్లా ఎప్పుడూ ఒకే మిషన్ వాడటం, ఏ మిషన్‌తో చూశామో డాక్టరుకు చెప్పడం. జంతువుల కోసమే చేసిన ఆల్ఫాట్రాక్ అనే మీటర్ ఉంది, అంకె ఇంకా కచ్చితంగా ఉంటుంది, కానీ మిషన్, స్ట్రిప్పులు రెండూ ఖరీదే, నల్గొండలో నాకు దొరకలేదు. రోజూ వాడే స్ట్రిప్పు పక్క వీధిలో దొరకడం నాకు ఆ కచ్చితత్వం కన్నా ముఖ్యం. చర్మానికి అతికిస్తే షుగర్ చూపించే లిబ్రే సెన్సర్ కూడా పిల్లులకు వాడుతున్నారు, 14 రోజులు పనిచేయాలి గానీ పిల్లి గీక్కుంటే ముందే ఊడిపోతుంది, ఒక్కోటి వేలల్లో ఉంటుంది. నా బడ్జెట్‌కు అందదు.

ఈ మిషన్‌ని ఎంచుకోవడానికి అసలు కారణం రక్తం చుక్క. దీనికి అర మైక్రోలీటర్ చాలు. పాత రకం మీటర్లకు ఒకటి రెండు మైక్రోలీటర్లు కావాలి. మనిషి వేలికి ఆ తేడా లెక్కలోకి రాదు, పిల్లి చెవికి చాలా వస్తుంది.

చెవి అంచు వెంబడి సన్నటి రక్తనాళం ఒకటి వెలుతురులో కనిపిస్తుంది. లాన్సెట్, అంటే రక్తం చుక్క తీసే చిన్న సూది, ఆ నాళంలో కాదు, నాళానికీ అంచుకూ మధ్యలో గుచ్చాలి. ముందు గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ చెవికి కాసేపు పట్టాలి, చలికాలంలో అయితే ఇది తప్పదు, చల్లటి చెవి నుంచి రక్తం రాదు. తర్వాత చెవి పూర్తిగా ఆరనిచ్చి, బయటి వైపు వాజిలైన్ పలచగా రాయాలి, లేకపోతే రక్తం బొచ్చులోకి పాకిపోయి చుక్క నిలబడదు. చెవి వెనక మడిచిన దూది పెట్టుకోవాలి, మన వేలికి గుచ్చుకోకుండా. ఇప్పుడు లాన్సెట్‌తో చటుక్కున ఒక పోటు. ఆవగింజంత చుక్క పైకి వస్తుంది, స్ట్రిప్పు కొస దానికి తాకిస్తే అదే పీల్చుకుంటుంది, 5 సెకన్లలో అంకె. ఆ వెంటనే దూదితో కాసేపు నొక్కి పట్టుకోవాలి, లేకపోతే చెవి కమిలిపోతుంది. కిట్‌లో వచ్చే పెన్నులాంటి పరికరం టక్కుమని చప్పుడు చేస్తుంది, పిల్లి బెదురుతుంది. లాన్సెట్ చేత్తో పట్టుకుని గుచ్చడమే నాకు సుళువనిపించింది. ప్రతిసారీ అదే చోట, అదే టైముకు, అయిపోగానే ఉడికిన చికెన్ ముక్క ఒకటి. ఇప్పుడు మిషన్ డబ్బా తీసిన చప్పుడుకే వాడు వచ్చి కూర్చుంటాడు.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంటుంది, పెద్దవాళ్లలో ఎవరో ఒకరికి షుగర్ ఉంటుంది. మా అమ్మకూ ఉంది. "ఒక్క మిషన్ ఇద్దరికి సరిపోతది కదా బిడ్డా" అంది అమ్మ. నేను వద్దన్నాను, బంటికి వేరే పెట్టాను, ఎందుకంటే మిషన్ జ్ఞాపకంలో ఇద్దరి అంకెలూ కలిసిపోతే డాక్టరుకు చూపించడానికి ఏమీ మిగలదు. లాన్సెట్లు, సూదులు అయితే కలవనే కూడదు.

ఇన్సులిన్ విషయంలో దీనికన్నా పెద్ద జాగ్రత్త కావాలి. అమ్మ వాడే సీసా 40 యూనిట్లది, అంటే మిల్లీలీటరుకు 40. దానికి ఎర్ర మూత సిరంజీ. బంటికి రాసింది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, లాంటస్, బేసలాగ్ లాంటి పేర్లతో వచ్చేది, అది మిల్లీలీటరుకు 100, దానికి నారింజ రంగు మూత సిరంజీ. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీలో ఒక గీత లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. ఒక యూనిట్ వేయాల్సిన పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. ఒక షాపులో గ్లార్జిన్‌కి సిరంజీ అని స్పష్టంగా అడిగినా ఎర్ర మూతవి తీసి కవర్లో వేశారు. కౌంటర్ మీదే మూత రంగు చూసుకోండి. రంగు సరిపోయినా, 1 ఎమ్మెల్ సిరంజీలు చాలావాటిలో గీతకూ గీతకూ మధ్య రెండు యూనిట్లు ఉంటాయి, ఒక యూనిట్ అనేది రెండు గీతల మధ్య ఎక్కడో కంటి అంచనాకు వదిలేయాలి. 0.3 ఎమ్మెల్‌వి అడగండి, గీతకు ఒక యూనిట్ ఉంటుంది, సన్నగా ఉండటం వల్ల గీతలు ఎడంగా కనిపిస్తాయి. లేకపోతే తెప్పించమనండి, తెప్పిస్తారు.

డబ్బు మిగిలే చోటు కూడా ఇక్కడే. పెద్ద సీసా కొనకండి. 3 ఎమ్మెల్ కార్ట్రిడ్జ్, అంటే ఇన్సులిన్ పెన్నులో వేసే చిన్న గొట్టం, తీసుకోండి, అందులోనే 300 యూనిట్లు ఉంటాయి, పూటకు ఒక యూనిట్ చొప్పున రోజుకు రెండు యూనిట్లు వాడే పిల్లికి అది చాలా ఎక్కువ, గడువు అయ్యేసరికి ఇంకా మిగిలే ఉంటుంది. తెరిచాక 28 రోజులని కంపెనీ చెబుతుంది, ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకొన్నాళ్లు వాడొచ్చా అనేది మీ డాక్టరును అడగండి, రంగు మారినా మసకబారినా మాత్రం పారేయాల్సిందే. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజీతో తీసేటప్పుడు లోపలికి గాలి ఎక్కించకూడదు.

తిండి విషయానికి వస్తే, మన వైపు పిల్లికి పెట్టేది పాలన్నం, పెరుగన్నం, కాస్త స్తోమత ఉంటే బిస్కెట్ల లాంటి పొడి తిండి. షుగర్ పిల్లికి ఈ మూడూ పనికిరావు. పొడి తిండి ప్యాకెట్ వెనక పిండిపదార్థం ఎంతో రాయరు, కానీ లెక్క కట్టొచ్చు. ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) శాతాలు కలిపి వందలోంచి తీసేయండి. బూడిద రాయకపోతే పొడి తిండికి సుమారు 8 వేసుకోండి. ప్రొటీన్ 32, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 అయితే మిగిలిన 36 పిండిపదార్థమే. మేం తడి పౌచ్‌లకు, ఉడికించిన చికెన్‌కు మారాం. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి ఏవీ వేయకూడదు, వెల్లుల్లి, ఉల్లి పిల్లికి విషం. అలాగని ఉత్త చికెన్ మీదే పెంచకండి, పిల్లికి టారిన్ అనే పోషకం, కాల్షియం కావాలి, అందుకే పూర్తి ఆహారం అని రాసి ఉన్న పౌచ్ రోజూ కొంత ఉండాలి.

ఇక్కడే మిషన్ విలువ తెలుస్తుంది. తిండి మార్చిన కొద్ది రోజులకే షుగర్ గబగబా దిగొచ్చు, నిన్నటి దాకా సరిపోయిన ఇన్సులిన్ ఈరోజు ఎక్కువైపోతుంది. కాబట్టి మిషన్ కొనకుండా, డాక్టరుకు చెప్పకుండా తిండి మార్చకండి. 200 దాటకపోతే మొదట్లో సూది వేయకుండా ఫోన్ చేయండి అని మా డాక్టరు చెప్పారు. రెండు సూదుల మధ్యలో, సూది వేసిన ఐదారు గంటల తర్వాత కూడా ఒకసారి చూడమన్నారు, ఎందుకంటే ఎంత కిందికి దిగుతోందో అప్పుడే తెలుస్తుంది. తూలడం, పిలిచినా పలకకపోవడం, ఫిట్స్, ఇవి షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు, అప్పుడు రీడింగ్ కోసం ఆగొద్దు. గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లో, తేనెనో వేలితో చిగుళ్లకు రుద్ది ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకండి.

ఈ మిషన్ చేయలేనిది ఒకటుంది, కీటోన్లు, అంటే ఒళ్లు షుగర్‌ని వాడుకోలేక కొవ్వు కరిగించినప్పుడు రక్తంలో చేరేవి, చూపించదు. పిల్లి తిండి మానేసి వాంతులు చేసుకుంటూ ఉంటే కీటోన్లు పెరిగి ఉండొచ్చు, అది ఎమర్జెన్సీ. మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. ఆ స్ట్రిప్పుల్లో షుగర్ కూడా తెలిసేవి ఉంటాయి కదా, వాటితోనే గడిపేద్దాం అనుకోవద్దు. షుగర్ బాగా పెరిగితే తప్ప అది మూత్రంలోకి రాదు, పడిపోయినప్పుడు అవి ఏమీ చెప్పవు.

ఎండాకాలం గురించి నల్గొండ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో మన గదుల్లో ఉండే వేడికి స్ట్రిప్పులు పాడవుతాయి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో మూత గట్టిగా పెట్టి ఉంచండి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తేమ పడుతుంది. ఇన్సులిన్‌కి ఫ్రిజ్ కావాలి, అదీ డీప్ ఫ్రీజర్‌కి దూరంగా, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఖర్చు చెప్పాలంటే నేను కొన్నప్పుడు మిషన్, కొన్ని స్ట్రిప్పులు కలిపి వెయ్యిలోపే అయింది, తర్వాత స్ట్రిప్పు ఒక్కటి పది పదిహేను రూపాయల మధ్య పడుతోంది. మొదటి నెలల్లో స్ట్రిప్పులకే ఎక్కువ పోతుంది, అక్కడ మిగుల్చుకోవాలని చూడకండి. షుగర్ తెలిసిన మొదటి నెలల్లోనే గట్టిగా అదుపు చేస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. బంటికి డోసు తగ్గిస్తూ వచ్చారు, ఇప్పుడు సూది ఆపి చూద్దామంటున్నారు డాక్టరు. ఆపినా వారానికోసారి చెవి గుచ్చి చూడమన్నారు, తిరగబెట్టే అవకాశం ఉంటుంది కాబట్టి. మూత తీసిన డబ్బాలో స్ట్రిప్పులు ఎక్కువ కాలం ఆగవు, వాడకం తగ్గింది గనుక నేనిప్పుడు 50 స్ట్రిప్పులది మానేసి 25వి కొంటున్నాను, మూత తీసిన రోజు డబ్బా మీద పెన్నుతో తేదీ రాసుకుంటున్నాను.