కైరోస్‌డీబీ జావా క్వెరీ బిల్డర్: రొయ్యల గుంటల డేటాతో చాన్నాళ్లు వాడాక

కైరోస్‌డీబీ అంటే సమయంతో పాటు వచ్చే రీడింగులను దాచే డేటాబేస్. దాన్ని డేటా అడిగే ప్రశ్నల్ని, అంటే క్వెరీల్ని, జావా కోడ్‌లో కట్టిపెట్టే లైబ్రరీయే ఈ క్వెరీ బిల్డర్. దీనితో ఏళ్ల తరబడి పని చేశాను కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి పనిముట్టు, వాడొచ్చు. కాకపోతే క్వెరీ రాతలో తప్పుల్ని ఆపుతుందే గానీ, మనం అడిగే ప్రశ్నే తప్పయితే ఆపలేదు. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో సెన్సర్లు పెట్టి, డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, సెలినిటీ (ఉప్పదనం) రీడింగులు రైతు ఫోన్‌లో చూపించడం మా పని. వెనకాల డేటా దాచే కసాండ్రా డేటాబేస్, దాని మీద కైరోస్‌డీబీ.

బిల్డర్ లేకపోయినా పని జరుగుతుంది, జేసన్ (క్వెరీని సర్వర్ చదివే టెక్స్ట్ రూపం) తయారు చేసి సర్వర్‌కి పోస్ట్ చేస్తే సరిపోతుంది. కానీ స్ట్రింగులు అతికించి కట్టిన జేసన్‌లో ఒక కామా ఎక్కువైనా రన్ అయ్యేదాకా తెలియదు, పైగా ఆరు నెలల తర్వాత ఆ కోడ్ తెరిస్తే ఎవరికీ అర్థం కాదు. బిల్డర్‌లో అయితే గెట్ ఇన్‌స్టన్స్, సెట్ స్టార్ట్, యాడ్ మెట్రిక్, యాడ్ ట్యాగ్, యాడ్ అగ్రిగేటర్ అని వరసగా చదువుకుంటూ పోవచ్చు. మెట్రిక్ అంటే కొలిచేది (డీఓ లాంటిది), ట్యాగ్ అంటే దానికి తగిలించే గుర్తు (గుంట పేరు లాంటిది), అగ్రిగేటర్ అంటే సగటు, కనిష్ఠం లాంటి లెక్క. సెట్ స్టార్ట్‌కి 12, టైమ్ యూనిట్ అవర్స్ అని ఇస్తే గత పన్నెండు గంటలు, మిల్లీసెకన్ల లెక్క మనం వేసే పనే లేదు. కొత్తగా చేరిన పిల్లలకు కూడా ఒక పూటలో చేతికొచ్చేస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తే, గ్రూప్ బై, అంటే ట్యాగుల వారీగా డేటాని విడదీయడం. ఇది పెట్టకపోతే ఆ మెట్రిక్‌లోని అన్ని ట్యాగుల డేటా కలిపి ఒకే సిరీస్‌గా వస్తుంది, ఎర్రరేమీ రాదు. పది గుంటలున్నాయనుకోండి, తొమ్మిదింటిలో డీఓ 6, ఒకదాంట్లో 2.5. సగటు 5.65 వస్తుంది, గ్రాఫ్ చూసినవాడు అంతా బాగుందనుకుంటాడు, అక్కడ ఆ ఒక్క గుంటలో రొయ్య పైకి తేలుతూ ఉంటుంది. గుంట పేరు ట్యాగ్‌గా పెట్టి ట్యాగ్ గ్రూపర్ తప్పకుండా ఇవ్వండి, మా దగ్గరైతే అది లేకుండా ఏ క్వెరీ కోడ్‌లోకి రానివ్వం.

రెండోది టైమ్ జోన్, మన ఊళ్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి గుంటలో డీఓ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, నాలుక్కీ ఆరుకీ మధ్య. రైతు పొద్దున్నే అడిగేదీ అదే, "అన్నా, రాత్రి ఎంతకు పడింది?" అని. టైమ్ జోన్ చెప్పకుండా రోజువారీ కనిష్ఠం అడిగితే రోజు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం మారుతుంది, అంటే మనకు పొద్దున 5:30కి. సరిగ్గా డీఓ అడుగంటే వేళకే రోజు రెండు ముక్కలవుతుంది, ఒకే తెల్లవారుజాము పతనం రెండు రోజుల ఖాతాలో పడుతుంది, దాంతో నిన్న బాగున్న గుంట కూడా రెండు రోజులుగా ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తుంది. క్వెరీలో టైమ్ జోన్ ఆసియా/కోల్‌కతా అని ఇవ్వండి, అలైన్ సాంప్లింగ్ (లెక్క ముక్కలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్) కూడా డిఫాల్ట్‌కి వదిలేయకుండా మీరే చెప్పండి. మేమైతే ఇంకో అడుగు ముందుకేసి రాత్రి కనిష్ఠానికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా స్టార్ట్, ఎండ్ రెండూ ఇచ్చేస్తాం, రైతు లెక్కలో రాత్రంటే అదే కదా.

అగ్రిగేటర్లు మనం రాసిన వరసలోనే ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి, ఇది నాకు బాగా నచ్చిన విషయం. కుర్రాడు ప్రోబ్‌ని కడగడానికి నీళ్లలోంచి తీస్తే ఒకట్రెండు దొంగ రీడింగులు పడతాయి, సున్నా కూడా రావచ్చు. నేరుగా మినిమమ్ అడిగితే ఆ సున్నానే చేతికొస్తుంది, రైతుకి అర్ధరాత్రి అలారం, ఊరికే టెన్షన్. అందుకే ముందు పది నిమిషాలకి పర్సంటైల్ 0.5 (అంటే మధ్య విలువ), దాని మీద మినిమమ్. ఈ రెండిటినీ తారుమారు చేస్తే సున్నా మళ్లీ గెలుస్తుంది, పర్సంటైల్ ఉన్నా లేనట్టే. కోడ్ రివ్యూలో ఈ వరస చూడకుండా ఓకే చెప్పకండి.

కరెంటు పోయి సెన్సర్ ఆగిపోతే ఆ సమయానికి అసలు పాయింట్లే రావు, గ్రాఫ్‌లో గీత ఈ చివర నుంచి ఆ చివరికి చక్కగా కలిసిపోతుంది. ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగేది కూడా ఆ టైమ్‌లోనే కాబట్టి ఇది ప్రమాదం, గ్యాప్స్ అగ్రిగేటర్ పెడితే ఖాళీ ఖాళీగా కనిపిస్తుంది.

ట్యాగుల్లో మాత్రం పొదుపు పాటించండి. కైరోస్‌డీబీ కసాండ్రాలో ఒక్కో రోలో (టేబుల్ వరసలో) మూడు వారాల డేటా పెడుతుంది, ట్యాగ్ విలువల కలయిక మారిన ప్రతిసారీ ఇంకో రో పుడుతుంది. రీడింగ్ నంబరు, బ్యాటరీ శాతం లాంటివి ట్యాగుల్లో పెడితే బిల్డర్‌లో ఎంత అందంగా రాసినా క్వెరీ నత్తనడకే. గుంట, మండలం, సెన్సర్ చాలు.

లోటు ఒకటుంది. మీరే రాసుకున్న అగ్రిగేటర్ సర్వర్‌లో ఉంటే, కస్టమ్ అగ్రిగేటర్‌కి పేరు, ఒక జేసన్ ముక్క స్ట్రింగ్‌గా ఇవ్వాలి, అంటే ఏ స్ట్రింగుల బాధ తప్పించుకోవడానికి వచ్చామో అదే మళ్లీ మొదలు. అక్కడ టెస్టులు రాసుకోండి. బిల్డ్ పిలిస్తే జేసన్ మొత్తం చేతికొస్తుంది కాబట్టి ప్రతి క్వెరీకి దాన్ని టెస్టులో సరిపోల్చుకోవచ్చు, లాగ్‌లోనూ రాయించండి. రైతు ఫోన్ చేసి అంకె తప్పని అంటే ముందు తెరవాల్సింది ఆ లాగ్‌నే.